గ్రూపులో చెప్పుకున్న మాట పుస్తకంలోకి వస్తే

మద్యం మానడానికి ప్రయత్నిస్తున్నవారు, క్యాన్సర్ చికిత్స పొందుతున్నవారు, సంతానం కోసం ఏళ్ల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నవారు, గృహహింస నుంచి బయటపడినవారు ఒకచోట చేరే ఆన్‌లైన్ గ్రూపులు ఇప్పుడు తెలుగువారిలోనూ ఉన్నాయి. ఇంట్లో చెప్పుకోలేనిది అక్కడ చెప్పుకుంటారు. తాము రాసేది పదుల మంది చదువుతారని తెలిసినా, ఆ చదివేవారంతా అదే బాధ ఎరిగినవారన్న నమ్మకంతోనే నోరు విప్పుతారు. అలాంటి గ్రూపులోని ఒక సభ్యురాలు కొన్నేళ్లకు తన అనుభవాలను పుస్తకంగా తేవాలనుకుంటే, ఆమె జీవితంలో ఆ గ్రూపు పెద్ద అధ్యాయమే కాబట్టి, అక్కడి మనుషులూ వారు అర్ధరాత్రి రాసుకున్న మాటలూ ఏదో ఒక రూపంలో అందులోకి రాక తప్పదు. తన కథ రాసుకునే హక్కు ఆమెకు పూర్తిగా ఉంది. అక్కడ విన్న కథలు మాత్రం ఆమె దగ్గర దాచుకోవడానికి ఇచ్చినవి. ఈ చిక్కును ‘పేర్లు మార్చాను’ అన్న ఒక్క వాక్యంతో తీర్చేయవచ్చని చాలామంది రచయితలూ ప్రచురణకర్తలూ భావిస్తారు. అసలు పొరపాటు అక్కడే మొదలవుతుంది.

ఇంటర్నెట్‌కు చాలా ముందే ఈ ప్రశ్నను ఎదుర్కొన్న సంస్థ, తాగుడు మానాలనుకునేవారు సమావేశాల్లో కలిసి ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలోని అక్రన్ నగరంలో మొదలైన ఈ సంస్థ 1946లో తన పన్నెండు సంప్రదాయాలను ప్రకటించి, 1950లో క్లీవ్‌లాండ్ సమావేశంలో వాటిని ఆమోదించింది. పత్రికలు, రేడియో, సినిమాల దగ్గరికి వచ్చేసరికి సభ్యులు తమ పేరు బయటపెట్టరాదని పదకొండో సంప్రదాయం చెబుతుంది. ఈ అజ్ఞాతమే మిగతా సంప్రదాయాలన్నిటికీ పునాది అని పన్నెండోది చెబుతుంది. స్థాపకుల్లో ఒకరైన బిల్ విల్సన్ కూడా బతికున్నంతకాలం సంస్థ తరఫున ‘బిల్ డబ్ల్యూ’గానే ప్రజల ముందుకు వచ్చాడు. ఇక్కడ ముఖ్యంగా గమనించాల్సిన విషయం ఒకటి ఉంది. తాను సభ్యుడినని ఇంట్లోవారికో స్నేహితులకో చెప్పుకోవడం ఆ వ్యక్తి ఇష్టం. మరొకరు సభ్యులని చెప్పడం మాత్రం ఎవరి ఇష్టానికీ వదిలిపెట్టలేదు. తన గోప్యతనూ ఎదుటివారి గోప్యతనూ ఇలా విడదీసి చూడటం వల్లే, అక్కడి సభ్యులెందరో తాగుడు నుంచి కోలుకున్న కథలు రాసుకున్నా, పక్క కుర్చీలో కూర్చున్నవారు సాధారణంగా వీధిన పడలేదు.

అయితే ఆ సమావేశాల గదిలో మాట్లాడిన మాట గాలిలో కలిసిపోతుంది. గుర్తున్నంతవరకే రచయిత రాయగలడు. ఆన్‌లైన్ గ్రూపులో అలా కాదు. వాట్సాప్‌లో ‘ఎక్స్‌పోర్ట్ చాట్’ నొక్కితే తేదీ, సమయం, పంపినవారి పేరు లేదా ఫోన్ నంబరుతో సహా సంభాషణ ఒక టెక్స్ట్ ఫైలుగా చేతికొస్తుంది. జ్ఞాపకాలు రాయడానికి కూర్చున్న మనిషికి ఇంతకంటే మంచి ముడిసరుకు ఉండదు. కనుక రచయిత దానిని తెరవడం సహజం. ఆ ఫైలును లాప్‌టాప్‌లో పెట్టుకుని, చిత్తుప్రతితో పాటు సంపాదకుడికో, డీటీపీ చేసేవారికో, సాయం చేస్తానన్న స్నేహితుడికో మెయిల్‌లో పంపడం కూడా జరుగుతుంది. పుస్తకం అచ్చు కాకముందే గోప్యత పోయే దారి ఇది. 2025లో వాట్సాప్ తెచ్చిన ‘అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ’ సదుపాయాన్ని ఆన్ చేస్తే ఎక్స్‌పోర్ట్ ఆగుతుంది కానీ స్క్రీన్‌షాట్ ఆగదు. యంత్రం అడ్డుకోగలిగింది కొంతే, మిగతాది రాసేవారి చేతిలోనే ఉంటుంది. ఆ ఫైలు నుంచి అవసరమైన సంగతులను పేర్లు లేకుండా నోట్సుగా రాసుకుని, అసలు ఫైలును ఎవరికీ పంపకపోవడం మొదటి జాగ్రత్త.

ఇప్పుడు పేర్లు మార్చడం సంగతి. 2000లో అమెరికన్ పరిశోధకురాలు లటాన్యా స్వీనీ ఒక విషయం చూపించారు: పుట్టిన తేదీ, స్త్రీయో పురుషుడో, ఐదంకెల పిన్‌కోడ్, ఈ మూడే తెలిస్తే చాలు, అమెరికా జనాభాలో 87 శాతం మందిని మరొకరితో కలవకుండా విడిగా గుర్తించే అవకాశం ఉంది. మూడింటిలో ఏదీ పేరు కాదు. తెలుగువారి మధ్య గుర్తుపట్టడానికి ఆ మాత్రం లెక్క కూడా అక్కర్లేదు. కొత్తగా పరిచయమైన ఇద్దరు తెలుగువాళ్లు ఏ ఊరు, ఎవరి తాలూకు, ఏ కాలేజీ అని నాలుగు ప్రశ్నలు వేసుకుంటే ఎక్కడో ఒక చుట్టరికమో స్నేహమో తగులుతుంది. విదేశాల్లో అయితే ఒక నగరంలోని తెలుగువారు ఒకే గుడికి, ఒకే కిరాణా దుకాణానికి, ఒకే ఉగాది వేడుకకు వస్తారు కనుక ఆ వల మరింత దగ్గరగా అల్లుకుని ఉంటుంది.

ఊహించిన ఒక ఉదాహరణ తీసుకుందాం. పుస్తకంలో ఇలా ఉందనుకోండి: “మా గ్రూపులో సుజాత ఉండేది. తెనాలి దగ్గర పల్లెటూరు. పళ్ల డాక్టరు. 2016లో పెళ్లయి డల్లాస్ వచ్చింది. అక్కడి లైసెన్స్ పరీక్షలు పూర్తికాకముందే కవలలు పుట్టారు. మరిది కూడా అదే ఊళ్లో ఉండేవాడు. మొదటిసారి చెయ్యి చేసుకున్నది అతని ముందే.” సుజాత అన్నది మార్చిన పేరే. కానీ ఆ నగరంలో తెలుగు పళ్ల డాక్టర్లలో కవలల తల్లులు ఎందరుంటారు? వారిలో తెనాలి ప్రాంతం వారు ఎందరు? ఆమె ఎవరో అపరిచితుడికి తెలియదు, తెలిసినా అతనికి పనిలేదు. ఆమె అత్తగారికి, ఆడపడుచుకి, కాలేజీ స్నేహితురాలికి, పిల్లల బడిలో పరిచయమైన తల్లికి మాత్రం రెండో వాక్యం దాటేసరికి అర్థమైపోతుంది. ఆ స్త్రీకి ప్రమాదం ఉన్నదీ సరిగ్గా వాళ్ల నుంచే. పేరు మార్పు ఆమెను ఎవరి నుంచి కాపాడనక్కర్లేదో వాళ్ల నుంచి కాపాడి, ఎవరి నుంచి కాపాడాలో వాళ్లకు పట్టించింది.

ఈ పేరా ఎలా మారాలి? చాలామంది చేసేది తెనాలిని ఒంగోలు చేయడం, పళ్ల డాక్టరును ఫిజియోథెరపిస్టును చేయడం. ఇందులో ఇంకో ముప్పు ఉంది: ఆ కొత్త వివరాలకు సరిపోయే మరో మనిషి నిజంగానే ఉండవచ్చు, ఏ సంబంధమూ లేని ఆమె సంసారం మీద పుకారు లేవవచ్చు. వివరాన్ని మార్చేముందు ఆ వివరం కథకు అవసరమా అని చూడాలి. ఇక్కడ కథ చెప్పదలచుకున్నది, సొంత వృత్తి ఉన్న స్త్రీ ఆ దేశంలో పనిచేసే వీలు లేక భర్త మీద ఆధారపడిందని, అత్తింటివారి కళ్లముందే దెబ్బలు తిన్నదని. అందుకు ‘వృత్తి చదువు చదివి, అక్కడ పని చేసే అనుమతి చేతికి రాకముందే పసిపిల్లల తల్లి అయిన ఒకామె’ అంటే చాలు. ఊరు, ఏడాది, కవలలు, మరిది పోయినా బాధ తీవ్రత ఏమాత్రం తగ్గదు. ఇద్దరు ముగ్గురి అనుభవాలను కలిపి ఒక పాత్రగా చేయడం కూడా కొందరు అనుసరించే పద్ధతి. అలా చేస్తే ఆ సంగతి పుస్తకం మొదట్లో చెప్పడం పాఠకుడి పట్ల నిజాయితీ. ఎక్కడెక్కడ కలిపారో, ఏది మార్చారో మాత్రం చెప్పనక్కర్లేదు, చెప్పకూడదు కూడా.

మాటలను ఉన్నవి ఉన్నట్లు ఉటంకించడం గురించి విడిగా ఆలోచించాలి. 2006లో అమెరికన్ ఇంటర్నెట్ సంస్థ ఏఓఎల్ తన సెర్చ్‌లో ఆరున్నర లక్షల మంది వాడుకదారులు వెతికిన మాటలను పేర్లు తీసేసి, అంకెలు తగిలించి పరిశోధన కోసం విడుదల చేస్తే, విలేకరులు కొద్ది రోజుల్లోనే ఆ మాటలను బట్టి ఒక పెద్దావిడ ఇంటి తలుపు తట్టగలిగారు. మనిషి మాటలే మనిషిని పట్టిస్తాయి. వెతికితే దొరికే వేదిక మీద రాసిన వాక్యాన్ని యథాతథంగా అచ్చువేస్తే, ఎవరైనా ఆ వాక్యాన్ని సెర్చ్‌లో కొట్టి రాసినవారి ప్రొఫైల్ వరకు వెళ్లగలరు. మూసిన గ్రూపుల్లో ఈ దారి లేకపోయినా యాస ఉంటుంది. ఉత్తరాంధ్ర యాసలోనో, పాలమూరు మాటలోనో రాసిన నాలుగు వాక్యాలు, ఆ గ్రూపులో ఆ ప్రాంతం వారు ఒకరిద్దరే ఉన్నప్పుడు, సంతకంతో సమానం. ఆ యాస అందం పుస్తకానికి కావాలనిపించడం రచయితకు సహజమే. అయినా రాసినవారి అనుమతి లేనప్పుడు భావం మాత్రమే తీసుకుని తన మాటల్లో చెప్పడం సరైన పని. చట్టం కూడా ఇక్కడ రాసినవారి పక్షానే ఉంది. ఉత్తరం అందుకున్నవారికి కాగితం మీదే హక్కు ఉంటుందని, అందులోని రచన మీద హక్కు రాసినవారిదేనని 1741లోనే ఇంగ్లండ్‌లో కవి అలెగ్జాండర్ పోప్ వేసిన దావాలో తేల్చారు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కూడా సొంతంగా రాసిన రచన మీద హక్కు ఆ రచయితకు జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. గ్రూపులో పెట్టిన సుదీర్ఘమైన సందేశానికి ఈ రక్షణ వర్తించదని అనుకోవడానికి కారణం లేదు.

పేరు ఒక్కటే గుర్తింపు కాదన్న సంగతిని మన నేరచట్టం ఎప్పుడో గుర్తించింది. అత్యాచారం వంటి నేరాల్లో బాధితురాలి పేరును గానీ, ఆమె ఎవరో తెలిసేలా చేసే మరే వివరాన్ని గానీ ప్రచురిస్తే భారతీయ న్యాయ సంహితలోని 72వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. ఆమె స్వయంగా రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప ప్రచురణ కుదరదు. దూరంగానైనా ఆమెను గుర్తుపట్టడానికి దారితీసే వివరాలు ఇవ్వరాదని 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. హెచ్ఐవీ విషయంలో 2017 నాటి చట్టం ఇంకా సూటిగా ఉంది: నమ్మకంతో చెప్పిన ఎదుటివారి హెచ్ఐవీ స్థితిని, ఇతర వ్యక్తిగత సమాచారాన్ని వారి సమ్మతి లేకుండా వెల్లడించరాదు, ఆ సమ్మతి రాతపూర్వకంగా నమోదై ఉండాలి. ఈ నిషేధం వైద్యులకే పరిమితం కాదు. పుస్తకం రాసే తోటి సభ్యుడూ దీని పరిధిలోకి వస్తాడు.

మిగతా సందర్భాలకు మూలస్తంభం లాంటి తీర్పు 1994లో వచ్చింది. మరణశిక్ష పడిన ఆటో శంకర్ జైల్లో రాసుకున్న ఆత్మకథను తమిళ పత్రిక నక్కీరన్ ప్రచురించబోతే, తమ పేర్లు బయటికొస్తాయని భయపడిన అధికారులు ఆపాలని చూశారు. ఆ కేసులో సుప్రీంకోర్టు తీర్పు రాసింది తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. ప్రచురణకు ముందే అడ్డుపడే అధికారం ప్రభుత్వానికి, అధికారులకు లేదని ఒకవైపు చెబుతూనే, కుటుంబం, పెళ్లి, సంతానం, మాతృత్వం, చదువు వంటి వ్యక్తిగత విషయాలను సమ్మతి లేకుండా ప్రచురించరాదని, అవి నిజమైనా కాకపోయినా, పొగడ్తయినా విమర్శయినా తేడా లేదని ఆయన రాశారు. అధికారిక రికార్డుల్లో ఉన్నవాటికి, ప్రభుత్వోద్యోగుల విధి నిర్వహణకు మినహాయింపు ఇచ్చారు. ‘నేను ఆమె గురించి మంచిగానే రాశాను కదా’ అనే రచయితలు ఆ వాక్యాన్ని గుర్తుపెట్టుకోవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వ్యక్తిగత లేదా ఇంటి అవసరానికి వాడుకునే సమాచారాన్ని, వ్యక్తులు తమంతట తాము బహిరంగపరచిన సమాచారాన్ని తన పరిధి నుంచి తప్పించింది. అమ్మకానికి పెట్టిన పుస్తకాన్ని ఇంటి అవసరం అనలేం. ఆహ్వానం మీద చేరిన మూసిన గ్రూపులో చెప్పిన మాటను బహిరంగపరచిన మాట అనడం కూడా కష్టమే.

‘అది మా ఇద్దరి అనుభవం, కాబట్టి నా కథ కూడా’ అనే వాదనను ఇంగ్లండ్ కోర్టులు నేరుగా పరిశీలించాయి. కెనడా గాయని లొరీనా మెకెన్నిట్ మీద ఆమె పాత స్నేహితురాలు 2005లో పుస్తకం తెచ్చినప్పుడు ఆ వాదన నిలవలేదు. పంచుకున్న అనుభవంలో రచయిత్రి పాత్ర ఎక్కువగా చూసినవారి పాత్రేనని, ఆ కథకు విలువ వచ్చిందే ఎదుటి మనిషి వల్లనని 2006లో అప్పీలు కోర్టు తేల్చింది. దీనికి ఎదురుగా 2015లో పియానో కళాకారుడు జేమ్స్ రోడ్స్ కేసు ఉంది. చిన్నతనంలో తన మీద జరిగిన లైంగిక హింస గురించి ఆయన రాసుకున్న పుస్తకం తన కొడుకు మనసును గాయపరుస్తుందని మాజీ భార్య ఆపించబోయింది. జరిగింది తనకు, కనుక లోకానికి చెప్పుకునే స్వేచ్ఛ తనదేనని బ్రిటన్ సుప్రీంకోర్టు ఆయన పక్షాన నిలబడింది. రెండు తీర్పులూ సబబుగానే కనిపిస్తాయి. రోడ్స్ రాసింది తన ఒంటి మీద జరిగినది. మెకెన్నిట్ స్నేహితురాలు రాసింది మరొకరు తన ముందు నమ్మి విప్పినది.

ఈ తేడాను మన దగ్గర గట్టిగా పట్టుకోవాలి, ఎందుకంటే తెలుగు ఇళ్లలో గోప్యత పేరుతో ఆడవాళ్ల నోరు మూయించడం తరతరాలుగా జరుగుతోంది. ఇంటి గుట్టు, వంశం పరువు అనే మాటలు ఎక్కువసార్లు కొట్టినవాడినే కాపాడాయి. తనను హింసించిన భర్త గురించి, మోసగించిన బంధువు గురించి, నిర్లక్ష్యం చేసిన వైద్యుడి గురించి ఆ సభ్యురాలు రాస్తే గ్రూపు గోప్యత ఆమెకు అడ్డురాకూడదు. గ్రూపును నడిపే అడ్మినే సభ్యులను వేధించి ఉంటే, ‘గ్రూపు విషయాలు బయటికి చెప్పకూడదు’ అనే నియమం అతనికి గొడుగు కాకూడదు. కాపాడాల్సింది నమ్మి చెప్పుకున్నవారిని. హాని చేసినవారికీ నమ్మి చెప్పుకున్నవారికీ ఒకే నియమం పెట్టిన గ్రూపు చివరికి రెండు వైపులా అన్యాయం చేస్తుంది.

సమ్మతి అడగడంలోనూ మెలకువ కావాలి. గ్రూపులో అందరి ముందు ‘మీ గురించి రాస్తున్నాను, అభ్యంతరం లేదుగా’ అంటే కాదనేవారు తక్కువ; రాసే మనిషి గ్రూపులో అందరూ గౌరవించే అక్కే అయినప్పుడు మరీ తక్కువ. విడిగా అడగాలి, అచ్చులోకి వెళ్లబోయే పేజీలనే చూపించాలి, వారం పది రోజులు గడువివ్వాలి. వీలైతే రచయిత కాకుండా మరో సభ్యురాలు అడిగితే ఇంకా మంచిది, అప్పుడు కాదనడం తేలిక. ఒక మనిషి కథలో ఆమె పిల్లలూ తల్లిదండ్రులూ ఉంటారు కనుక ఆమె సమ్మతి వారందరి సమ్మతి కాదు. గ్రూపు వదిలి వెళ్లిపోయినవారు, ఫోన్ నంబరు మారి అందుబాటులో లేనివారు, చనిపోయినవారు జవాబు ఇవ్వలేరు. జవాబు లేకపోవడాన్ని ఒప్పుకోలుగా తీసుకోకుండా వారి కథను పక్కన పెట్టాలి. ఇంగ్లిష్ పెద్ద ప్రచురణ సంస్థల్లో ఇలాంటి చిత్తుప్రతిని న్యాయవాది చదవడం మామూలు. తెలుగులో చాలా పుస్తకాలు రచయిత సొంత ఖర్చుతోనో చిన్న ప్రచురణ సంస్థల ద్వారానో వస్తాయి కనుక ఆ పని ఎవరికీ అప్పగించకుండానే మిగిలిపోతోంది.

లోపలి పేజీల్లో ఎంత జాగ్రత్తపడినా, పుస్తకం మొదటి పేజీల్లోనే గుట్టు బయటపడటం మన పుస్తకాల్లో ఎక్కువ. ‘కృతజ్ఞతలు’ శీర్షిక కింద గ్రూపులోని పదిమంది అసలు పేర్లు వరుసగా ఉంటాయి. ముందుమాట రాసిన సభ్యురాలు ఆప్యాయతతో ‘మేమందరం ఆ రోజుల్లో ఒకే పడవలో ప్రయాణించాం’ అంటారు. ఆవిష్కరణ సభకు గ్రూపు సభ్యులు వచ్చి వేదిక దగ్గర ఫోటో దిగుతారు, ఆ ఫోటో ట్యాగులతో ఫేస్‌బుక్‌లోకి ఎక్కుతుంది. కింద ఒక వ్యాఖ్య: “అక్కా, మూడో అధ్యాయంలో ఉన్నది నేనే కదా, చదివి ఏడ్చేశాను.” లోపల మారుపేర్లు పది ఉంటే, బయట అసలు పేర్లు పది దొరికినట్టే. ఇక జత కుదర్చడమే తరువాయి. అందుకే కృతజ్ఞతలు పేర్లు లేకుండా ఉండాలి, సభకు ఎవరు రావాలనుకున్నా ఫోటోల సంగతి ముందే మాట్లాడుకోవాలి, పుస్తకం గురించిన మెచ్చుకోళ్లు గ్రూపు లోపలే సాగాలి.

గ్రూపు పేరును పుస్తకంలో రాయకపోవడం వీటన్నిటికంటే తేలికైన, ఎక్కువ మంది మరిచిపోయే జాగ్రత్త. పేరు కనపడితే సాయం కోసం వెతుక్కునే కొత్తవారూ వస్తారు, ఆరా కోసం చేరేవారూ వస్తారు. ఫేస్‌బుక్ ప్రైవేట్ గ్రూపులో ఈరోజు చేరినవారికి కూడా పాత పోస్టులు కనిపిస్తాయి. టెలిగ్రాంలో కొత్త సభ్యులకు పాత సంభాషణ కనపడాలా వద్దా అన్నది అడ్మిన్ పెట్టుకునే సెట్టింగ్. వాట్సాప్ గ్రూపులో చేరినవారికి తోటివారి ఫోన్ నంబర్లు సాధారణంగా కనిపిస్తాయి. కాబట్టి పుస్తకం వస్తోందని తెలిసిన రోజునే అడ్మిన్‌లు ఆహ్వాన లింకును మార్చి, కొత్తవారిని ఎవరో ఒకరి పరిచయం మీదే చేర్చుకుని, పాత పోస్టులను తీసేయాలా అని సభ్యులను అడగాలి.

అసలు ఇదంతా పుస్తకం వచ్చేదాకా ఆగాల్సిన పని కాదు. లండన్‌లోని చర్చా సంస్థ చాతమ్ హౌస్ 1927లో పెట్టుకున్న నియమం ప్రకారం సమావేశంలో విన్న సమాచారాన్ని వాడుకోవచ్చు, అది చెప్పినవారు ఎవరో, వచ్చినవారు ఎవరో మాత్రం వెల్లడించకూడదు. ఇది చర్చా వేదికలకు సరిపోతుంది. గృహహింస బాధితుల గ్రూపుకు ఏ కథా బయటికి వెళ్లరాదన్న కఠిన నియమమే సరిపోవచ్చు. ఏదో ఒకటి ఎంచుకుని, చేరే రోజునే ప్రతి ఒక్కరికీ చెప్పాలి. ‘ఇక్కడి మాటలు ఇక్కడే’ అని ఊరికే రాసిన గ్రూపుల్లో ఒకరు దానిని పేర్లు చెప్పకూడదని అర్థం చేసుకుంటారు, మరొకరు కథే చెప్పకూడదనుకుంటారు. పుస్తకం వచ్చాక ఇద్దరూ తాము మోసపోయామనే అనుకుంటారు.

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా పాఠకులు ఊహిస్తారు. ‘ఆమె ఫలానా వారి కోడలు కదా’ అని రచయితను అడుగుతారు. ఊహ తప్పయినప్పుడు కాదని చెప్పాలనిపిస్తుంది. కానీ తొమ్మిది మంది విషయంలో కాదని చెప్పి, పదో పేరు దగ్గర మౌనం వహిస్తే ఆ మౌనమే జవాబు. మొదటి ప్రశ్న నుంచీ ఎవరి విషయంలోనూ అవునని గానీ కాదని గానీ చెప్పకూడదు. గ్రూపులోని మిగతావారూ ఇదే పాటించాలి. గుర్తించేంత వివరం పొరపాటున అచ్చులో ఉండిపోయిందని ఎవరైనా సభ్యురాలు చెబితే, ఈ-పుస్తకంలో అదే రోజు, అచ్చు పుస్తకంలో తర్వాతి ముద్రణలో ఆ వాక్యం తీసేయాలి. తీసేసిన సంగతిని ఫేస్‌బుక్‌లో ప్రకటించకూడదు. ప్రకటిస్తే పాత ప్రతి ఉన్నవారంతా ఆ పేజీనే తెరిచి చూస్తారు.